ఎడమ చేతి కాజా

"మాస్టారూ, ఆ టేపు మెడకే చుట్టుకున్నారా, నోటికి కూడానా?"

గుండీలకు కాజాలు కుట్టే పిల్ల ఆ మాట అనగానే, టైలరింగ్ షాపు నడిపే పిన్ని కిసుక్కున నవ్వింది. కటింగ్ మాస్టారు మాత్రం తలెత్తకుండా బట్ట మీద సుద్దగీత గీసుకుంటూ ఉండిపోయాడు. పేరుకు మాస్టారే గానీ పాతికేళ్ళ కుర్రాడు. ఆ పిల్ల ఎదుట పడితే చాలు, మాట గొంతులోనే చిక్కుముడి పడిపోతుంది.

ఆమె తను కుట్టిన గౌన్లు వేసుకుని ఫోన్‌లో ఫోటోలు పెట్టేది. మొదట్లో సరదాకే. పోనుపోను లైకులు వస్తేనే అన్నం సయించే దాకా వచ్చింది. ఓ రోజు ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు 'ఈ మొహానికి ఈ గౌనొకటా' అని కామెంట్ పెట్టాడు. ఆ రోజంతా కుట్టిందే విప్పింది, విప్పిందే కుట్టింది. వేళ్ళ నిండా సూదిపోట్లు.

మాస్టారు చూడలేకపోయాడు. నోటితో రానిది వేళ్ళతోనైనా వస్తుందేమోనని 'వానచినుకు' పేరుతో అకౌంటు తెరిచాడు. ఒక్క చినుకుకి ఏం తడుస్తుందిలెమ్మని ఇంకొన్ని పేర్లతోనూ ఆమె ఫోటోల కింద మెచ్చుకుంటూ రాశాడు. పేర్లు దొంగవే గానీ, రాసిన మాటల్లో దొంగది ఒక్కటీ లేదు.

పిల్ల మొహం విచ్చుకుంది. మిషను చప్పుడులో కూనిరాగాలు కలిశాయి. మాస్టారికి కడుపు నిండినట్టయింది. ఆ కడుపే తర్వాత మండింది కూడా.

"వానచినుకు ఎంత బాగా రాస్తాడో చూశారా? మీరూ ఉన్నారు. చెయ్యి పొడవెంత, నడుమెంత, అంతే."

"అతనెవరో నీకు తెలుసా?"

"నన్ను శ్రద్ధగా చూసే మనిషి. అది చాలు."

ఓ వానపూట పిన్ని లైనింగు గుడ్డకని బజారుకెళ్ళింది. పిల్ల తడుస్తూనే లోపలికొచ్చి, ఫోన్ కటింగ్ బల్ల మీద పెట్టింది.

"'ఎడమ చేతి కాజా విప్పి మళ్ళీ కుట్టావుగా, ఇప్పుడు చక్కగా కుదిరింది.' వానచినుకు రాశాడు. ఫోటోలో నా ఎడమ చెయ్యి వెనక్కుంది. అది విప్పిన రోజు పిన్ని షాపుకే రాలేదు. ఉన్నది నువ్వొక్కడివే."

ఇన్నాళ్ళ 'మీరు' ఒక్కసారిగా 'నువ్వు' అయిపోయింది. మాస్టారి చేతిలో సుద్దముక్క విరిగింది.

"మిగతావాళ్ళు? బాగున్నానని రాసినవాళ్ళు?"

"నేనే."

"తిట్టినవాళ్ళు?"

"అయ్యో, వాళ్ళు నేను కాదు."

"అంటే తిట్టినవాళ్ళే నిజం మనుషులన్నమాట."

బయట చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. మాస్టారు మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు.

"నువ్వంటే నాకు ప్రాణం. మెచ్చుకోడానికి ఒక్కడు చాలడా?"

"చాలేవాడే," అంది ఆమె. "ముందే నోటితో చెప్పుంటే."

ఫోన్ ఆపేసి సొరుగులో పడేసింది. వెళ్ళి తన పీట మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించబోయింది. కళ్ళ నిండా నీళ్ళు, బెజ్జం కనపడలేదు.

మాస్టారు దగ్గరికెళ్ళి సూది అందుకున్నాడు. దారం ఎక్కించి ఇచ్చాడు.

ఆమె తీసుకుంది. తల మాత్రం ఎత్తలేదు.