కల్లం దగ్గర రోము సిపాయి

ప్రత్తిపాడు దగ్గర మా చేలో మిరపకాయలు కోసి కల్లంలో ఆరబోశాం. చుట్టూ కొబ్బరితాడు కట్టి పుల్లమ్మ కావలి కాస్తోంది. ఇంటివాళ్ళెవరైనా 'మనవాడే' అని పూచీ పడితేనే కొత్తవాణ్ణి తాడు దాటనిస్తుంది. కాలేజీలో చరిత్ర చెప్పుకునే నాకు అదంతా చాదస్తంగా ఉండేది.

ఆ ఆదివారం నా భార్య ఆశ్రిత, మా పాప అన్విత కూడా వచ్చారు. పొద్దు వాలుతుండగా తాడు అవతల ఒకడు నిలబడ్డాడు. ఒంటిమీద ఇనుప గొలుసుల చొక్కా, చేతిలో డాలు. సినిమా షూటింగువాడు దారి తప్పాడనుకున్నాను. డాలు చూశాక అనుమానం మొదలైంది. రోము పౌరులైన సిపాయిలది వంపు తిరిగిన డాలు. వీడిది చదునుగా, కోలగా ఉంది. అంటే పరాయివాళ్ళతో కట్టిన సహాయక దళంవాడు. పాతికేళ్ళు చాకిరీ చేయించుకున్నాక గానీ రోము వాళ్ళని తనవాళ్ళనేది కాదు. ఈ తేడా ఏ సినిమావాడికి పట్టింది?

మిరప ఘాటుకి నేను తుమ్ముతూనే ఉన్నాను. వాడు రెప్ప కూడా వెయ్యలేదు.

"రానివ్వమను," అన్నాడు గుసగుసగా. తెలుగులో.

"మాస్టారూ, మీవాడేనా?" పుల్లమ్మ కర్ర ఎత్తింది.

అనుమానం పెనుభూతం అంటారు. నా ఆశ దాన్నీ మించింది. ఆ డాలు దగ్గర్నుంచి చూడాలి.

"మనవాడేలే, రానీ."

వాడు డాలు అక్కడే వదిలి, మేకుల చెప్పులతో కాయల మీదుగా నడిచొచ్చాడు. ఒక్క కాయా చిట్లలేదు. పుల్లమ్మ కసరనూ లేదు.

నేను డాలు కోసం తాడు దాటాను. అంతే... గాలి ఆగిపోయింది. వెనక్కి తిరిగేసరికి కర్ర నా గుండెకి ఆనింది.

"ఎవరయ్యా నువ్వు?"

"పుల్లమ్మా... నేను, ఆత్రేయని."

"ఆత్రేయగారు అదుగో!"

కల్లంలో వేసిన మంచం మీద వాడు... నా చొక్కా. నా కళ్ళజోడు. పాప వాడి ఒళ్ళోకెక్కి "నాన్నా" అంది.

అరవబోయాను.

ఈలోగా ఆశ్రిత మజ్జిగ గ్లాసుతో వచ్చింది, బాటసారికి దాహమిచ్చినట్టు. తాడు మీదుగా వంగి, పెదవులు కదలకుండా గొణిగింది.

"అరవకండి... మీరేనని తెలుసు. ఆ పాప కూడా మన పాప కాదండీ. నిరుడు ఈ తాడు దగ్గరే నేనూ అన్నాను... మనదేనని."

గ్లాసు అందుకోవడానికి కుడిచెయ్యి చాపాను. ఎడమచేతిని వెనక నుంచి ఎవరో పట్టుకున్నారు. చల్లగా... చాలా చిన్న చెయ్యి.