తాళాలాయన నంబరు ఎవరిది

పొద్దున్న ఏడింటికి తాళాలాయన బాల్కనీలోంచి "నంబరు పోయింది" అని అరిచాడు. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. మిక్సీ దినుసులతో పాటు మాటల్నీ రుబ్బేస్తుంది కాబట్టి ఆయన భార్య చెవిన పడింది "మెంబరు పోయా" వరకే. మూడో అంతస్తులో ఉండే అపార్ట్‌మెంటు కమిటీ మెంబరుగారికి నిన్న సాయంత్రం దగ్గు తెర వచ్చిందని ఆమెకు తెలుసు. స్టవ్ ఆపి, మొహం తగినంత వేలాడేసుకుని, రెండంతస్తులు ఎక్కింది. తలుపు తీసింది మెంబరుగారే, నోట్లో బ్రష్షుతో.

"ఎప్పుడు పో..." అని మొదలుపెట్టి, "ఎప్పుడు లేచారండీ?" అని సర్దుకుని, ఆయాసపడుతూ కిందికొచ్చింది.

"బతికున్న మనిషిని పరామర్శించి వచ్చాను. మీ నోరుంది చూశారూ..."

"నా నోరు శుభ్రంగానే ఉంది, నీ చెవే తుప్పుపట్టింది. నంబరు అన్నాను. నా ఫోన్ నంబరు పోయింది."

"అంతేనా? ఛార్జింగ్ పెట్టండి."

"పెట్టానే. ఫోనుకి ప్రాణముంది, నంబరే లేదు."

నవ్వాల్సిన మాటే గానీ, అన్నవాడే నవ్వలేదు. ఊళ్లో తాళంచెవి పోగొట్టుకున్న వాళ్లకు ఆయనే దిక్కు. ఆయనకు దుకాణం లేదు, బోర్డు లేదు. బాగుచేసిన ప్రతి తలుపుకీ గడియ పక్కన వేలెడు స్టిక్కరు అంటించి వస్తాడు. దాని మీద పేరు కూడా ఉండదు, పది అంకెలే. పన్నెండేళ్లలో ఎన్ని వేల తలుపులకు అంటించాడో ఆయనకే తెలియదు. ఆ నంబరు పోతే ఆయన ఊరందరి తలుపుల మీదా ఉండి కూడా ఎవరికీ లేనట్టే.

కూతురు ఆఫీసుకు తయారవుతోంది. నీళ్ల ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే ఉద్యోగం. రోజుకి ఎనిమిది గంటలు తిట్లు తిని, నెలకోసారి జీతం తింటుంది. తన ఫోన్‌లోంచి తండ్రి నంబరు నొక్కి స్పీకరు పెట్టింది.

"మీరు డయల్ చేసిన నంబరు ఉనికిలో లేదు."

తాళాలాయన ఫోను లాక్కుని తనే మళ్లీ చేసి విన్నాడు. మూడోసారీ విన్నాడు. "నేను లేనని ఇంత మర్యాదగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదమ్మా" అన్నాడు.

కంపెనీకి ఫోన్ చేస్తే పావుగంట సంగీతం వినిపించి, ఆ తర్వాత ఒకమ్మాయి పలికింది. "సారీ సార్. కనెక్షన్ మీ పేరు మీద లేదు. వివరాలు కస్టమర్‌కే చెబుతాం."

"నేనేనమ్మా ఆ కస్టమర్ని. పన్నెండేళ్లుగా నేనే ఎత్తి హలో అంటున్నాను."

"రికార్డులో మీరు లేరు సార్. యజమాని కోరిక మీదే నంబరు రద్దయింది."

ఫోను పెట్టేశాక ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో ముగ్గురికీ ఒక్కసారే గుర్తొచ్చింది. అది కొడుకు పేరు మీద ఉంది.

కొడుకు నాలుగు బస్‌స్టాపుల అవతలే ఉంటాడు. తండ్రి దగ్గరే పని నేర్చుకుని, రెండేళ్ల కిందట అంకెలు నొక్కితే తెరుచుకునే తాళాలు అమ్మే కంపెనీలో చేరాడు. ఆ రోజు ఈయన ఊరుకోలేదు. "చెవి లేని తాళాలు అమ్మేవాడికి నా మాటేం వినిపిస్తుందిలే" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "ఈ ఇంట్లో నీ పేరు మీద గుండుసూది కూడా లేదు, వెళ్లు" అన్నాడు. వాడు వెళ్లాడు. మళ్లీ రాలేదు.

"చూశావా నీ ముద్దుల కొడుకు చేసిన పని" అన్నాడు భార్యతో. "నా నోటి దగ్గరి కూడుకే తాళం వేశాడు."

"వాడలా చేయడు."

"మరి యజమాని ఎవడు? మూడో అంతస్తు మెంబరా?"

కూతురు బ్యాగు దించేసింది. "నాన్నా, యజమాని అడిగినా సంతకం చూడకుండా, మాట ఖాయం చేసుకోకుండా మూసేసే హక్కు వాళ్లకు లేదు. ఫిర్యాదు చేద్దాం, ఒక నంబరిస్తారు."

"నా నంబరు పోయి నేనేడుస్తుంటే ఇంకో నంబరెందుకే?"

"అది ఫిర్యాదు నంబరు. అది తేలేదాకా నీ నంబరు వేరేవాళ్లకి ఇవ్వకూడదు. ఇస్తే పైవాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. పదకొండింటికి వాళ్ల ఆఫీసు దగ్గర ఉండు, నేను సెలవు పెట్టి వస్తా."

పదకొండు దాకా ఆయనకు కాలు ఒకచోట నిలవలేదు. ఆకురాయి తీసి ఒక తాళంచెవిని అరగదీయబోయి అసలే లేకుండా చేశాడు. సంచి భుజాన వేసుకుని వీధిలో పడ్డాడు. మలుపు దగ్గర లెక్కల టీచరమ్మ ఇంటి తలుపుకి గడియ ఉండాల్సిన చోట చిల్లు ఉంది. దాని పక్కన ఆయన స్టిక్కరు చెక్కుచెదరకుండా ఉంది.

"నిన్న తలుపుకి తాళం పడిపోయి బయట ఉండిపోయానండీ. మీకు పదిసార్లు చేశాను. లేరంటోంది" అంది టీచరమ్మ నొచ్చుకుంటూ. "ఏమైపోయారో అనుకుని వడ్రంగిని పిలిచి పగలగొట్టించాను."

ఆయన ఆ చిల్లులోకి కాసేపు చూశాడు. తాళం పోయిన తలుపు ఎదురుగా ఉండగా ఏమీ చేయకుండా వెనక్కి తిరగడం ఆయనకు అదే మొదటిసారి.

ఫోన్ కంపెనీ ఆఫీసులో నలభై మందికి పన్నెండు కుర్చీలున్నాయి. భార్య ముందే వచ్చి ఒకటి పట్టుకుంది. కౌంటరు దగ్గర కూతురు నిలబడి ఉంది, ఆమె పక్కన కొడుకు.

"వీణ్ణెవరు రమ్మన్నారు?" అన్నాడు తాళాలాయన.

"నేనే పిలిచాను నాన్నా. వీళ్లు కస్టమర్‌తోనే మాట్లాడతారట."

"అయితే కస్టమరుగారినే అడుగుతాను. బాబూ, నా మీద కోపముంటే నన్ను తిట్టాల్సింది. నా అంకెలేం చేశాయి?"

కొడుకు కౌంటరు వదిలి ఇటు తిరిగాడు. "నేను రద్దు చేయమనలేదు."

"మరి గాలికి పోయిందా?"

"నా పేరు మీద గుండుసూది కూడా లేదన్నావు కదా. ఓ రోజు కాగితాలు సర్దుతుంటే ఇదొకటి కనిపించింది. నీ వస్తువు నా దగ్గరెందుకని నీ పేరుకి మార్చమని రాసిచ్చాను. నువ్వొచ్చి ఒప్పుకుంటే చాలన్నారు. నువ్వు రాలేదు. నా చేతి మీదుగా నంబరు కూడా తీసుకోవనుకున్నాను."

"నాకెవరు చెప్పారురా రమ్మని?"

లైనంతా వింటోంది. కౌంటరులో కళ్లజోడు నెత్తిన పెట్టుకున్న ఉద్యోగిని కంప్యూటరులోకి తొంగిచూసి, జోడు కళ్లమీదికి దించింది.

"సార్, మీ ఫోనుకే మూడు మెసేజీలు పంపాం. పదిహేను రోజుల్లో రమ్మని."

తాళాలాయన నసిగాడు. "మీ కంపెనీ మెసేజీలా? పాటలు పెట్టుకో, పందెం కట్టు అనేవేగా. చదవకుండానే ఊడ్చేస్తాను."

"అయ్యో రాత" అంది భార్య కుర్చీలోంచి.

కూతురు ముందుకు వంగింది. "మేడమ్, ఈయన రాలేదు, సరే. గడువు దాటితే నంబరు పాత యజమానికే ఉండిపోవాలి కదా. ఎవరూ అడగని రద్దు ఎలా చేశారు? ఆ కాగితం చూపించండి."

ఉద్యోగిని లోపలికెళ్లి పై అధికారిని తీసుకొచ్చింది. ఆయన కాగితం రెండుసార్లు చదివి, వినబడేలా చెప్పాడు. "ఈయన రాసింది పేరు మార్పు. గడువు దాటాక దాన్ని వెనక్కి తిప్పాల్సింది పోయి మావాళ్లు రద్దులో వేశారు. తప్పు మాదే. అదే మీకు రాసిస్తాను. సాయంత్రానికి నంబరు పనిచేస్తుంది." తర్వాత చిన్న నల్లపెట్టె ముందుకు జరిపాడు. "వచ్చారు కాబట్టి పేరు మార్పు కూడా ఇప్పుడే అయిపోతుంది. బొటనవేలు పెట్టండి."

తాళాలాయన వేలు పెట్టాడు. ఎర్రలైటు. తుడిచి పెట్టాడు. ఎర్రలైటు. రెండో చేతిదీ అంతే.

"ముద్ర పడటం లేదేంటి సార్?" అన్నాడు అధికారి.

"ఎలా పడుతుందండీ" అన్నాడు కొడుకు, నేల చూస్తూ. "నలభై ఏళ్లుగా చెవులతో పాటు వేళ్లనీ ఆకురాయితో అరగదీశాడు. కనెక్షన్ తీసుకున్నప్పుడూ పడకపోతే నా వేలు పెట్టించాం."

తాళాలాయన తన బొటనవేలిని వెలుతురులో తిప్పి చూసుకున్నాడు. అద్దంలా నున్నగా ఉంది. ఇన్నాళ్లూ ఆ అంకెలు తన చెమటతో నడిచాయనే అనుకున్నాడు. అవి మొదలైంది మాత్రం పక్కనున్న వీడి వేలితో. ఆ మాట ఎలా మర్చిపోయాడో ఆయనకు అర్థం కాలేదు. కళ్లు మసకబారాయి.

"పేరు మార్చకండి సార్" అన్నాడు అధికారితో. "వీడి పేరు మీదే ఉండనీయండి. వేలు కూడా వీడిదే తీసుకోండి."

"నాన్నా, మళ్లీ ఏదన్నా అయితే..."

"అయితే నువ్వు రావాల్సొస్తుంది. రా." కొడుకు మణికట్టు పట్టుకుని, వేలు పెట్టె మీద తనే ఆనించాడు. పచ్చలైటు వెలిగింది. ఆ చేతిని ఆయన వెంటనే వదల్లేదు.

వెనక లైన్లో ఒక పెద్దాయన తాళాలాయన భార్యను అడిగాడు, "ఏమైందమ్మా, అబ్బాయి నంబరు తీయించేశాడా?"

"లేదు బాబూ" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ, ఆఫీసంతా వినబడేలా. "వీడు ఇచ్చాడు, ఆయనకు తెలియలేదు. ఆయన రాలేదు, ఆయనే వద్దనుకున్నాడని వీడనుకున్నాడు. మధ్యలో వీళ్లు మూసేశారు. అంతే జరిగింది."