మామిడి గుంతలో దొరికిన తాళంచెవి

"ఇటుకపొడితో రుద్దొద్దు వల్లీ! పండ్లు అరిగిపోతాయి!"

సుందరవల్లి తలెత్తింది. దిండిగల్లు నుంచి వచ్చిన మేనత్త కొడుకు వరదరాజన్ వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"ఎవరి పండ్లు బావా, నావా?"

"తాళంచెవివి. నీవి అరిగితే ఊరికి మంచిదే."

జానెడు ఇనుప తాళంచెవి అది. పెరియకుళంలోని వాళ్ల తోటలో మామిడి మొక్కకు గుంత తీస్తుంటే రెండు మూరల లోతున దొరికింది. కొసన పండ్ల మధ్య రెండు చదరపు కన్నాలున్నాయి.

తెలుగు సీమ నుంచి పెద్దలు మోసుకొచ్చిన ఇనుప పెట్టె ఒకటి ఆ ఇంటి పూజగదిలో ఉంది. దాని తాళంచెవి ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. లోపల పెరుమాళ్లు ఉన్నాడని అవ్వ పాపమ్మాళ్ మాట. ఏటా మూసిన పెట్టె ముందే ఒక అరటాకు వేసి నైవేద్యం పెడతారు. కంటికి కనబడని స్వామి తిన్నాడో లేదో!

వల్లి తండ్రి జగన్నాథన్ పొద్దుటినుంచి పెట్టెకు వేలాడే తాళంలో తాళంచెవిని కుడికి తిప్పినాడు, ఎడమకు తిప్పినాడు. కదలలేదు.

"ఇది దీనిది కాదు. మదురైలో కంపెనీ దొర ఒకాయన పాత వస్తువులు పోగుచేస్తాడంట. పంపించేస్తా."

"నేను చూస్తాను మామా."

"నాయుడి బిడ్డవై మడక దున్నేది వదిలి దిండిగల్లులో తాళాల పనికి ఆకురాయి పట్టినావు. తాళాలు రాకేవాడికి పిల్లనియ్యనని చెప్పినాను గదా?"

"ఇది తెరిస్తే?"

జగన్నాథన్ పకపకా నవ్వినాడు. "తెరిస్తే ఇస్తాను పో!"

వల్లి తాళంచెవి అందించింది. "తెరవకపోతే నీతో మాట్లాడను."

"తెరిస్తే?"

"తెరువు ముందు!"

బయట చినుకులు మొదలైనాయి.

వరదరాజన్ తాళంలో ఆముదం పోసినాడు. ఒక్కసారి కూడా తిప్పలేదు. తాళంచెవిని తిన్నగా పెట్టి మెల్లగా లోపలికి తోసినాడు. లోపల విచ్చుకున్న ఇనుప బద్దలు ఆ కన్నాల్లో దూరి ముడుచుకున్నాయి. టక్కుమని తాళం ఊడి అతని చేతిలో పడింది.

"ఇది తిప్పేది కాదు మామా, తోసేది!"

మూత లేచింది. పట్టుగుడ్డలో బొటనవేలంత పెరుమాళ్లు. పక్కనే అంతే ఎత్తున అమ్మవారు.

అవ్వ చెంపలు వేసుకున్నది. "అయ్యో తాయారూ, అమ్మా! నువ్వూ ఉన్నావా? ఇన్ని తరాలు ఒక్క ఆకే వేసినామే, నిన్ను పస్తు పెట్టినామే!"

కళ్లు తుడుచుకుని లేచింది. "వల్లీ, ఆకులు కోసుకురా."

"ఎన్ని అవ్వా?"

"స్వామికి, అమ్మకు రెండు." అవ్వ కొడుకు వైపు చూసింది.

జగన్నాథన్ వరదరాజన్ చేతిలోని తాళాన్ని చూసినాడు. తరువాత అల్లుణ్ణి.

"ఇంకో రెండు," అన్నాడు. "ఈ పిల్లలిద్దరికీ పక్కపక్కన వెయ్యండి."

"తడుస్తావు వల్లీ!" అని అరిచినాడు వరదరాజన్.

"తడవనీ బావా!" వల్లి అప్పటికే వానలో అరటితోట దాకా పరుగెత్తింది.