పంతం కొద్దీ పాదువా

ఎవరి దేశం తరఫున వాళ్లు వాదించకూడదు. లీల్ యూనివర్సిటీలో మా ఉత్తుత్తి వాణిజ్య చర్చల క్లాసుకి ఉన్న మొదటి నియమం అది. మా దేశాల మధ్య లేని సుంకాలు ఉన్నాయనుకోవడం రెండోది. అందుకని బెల్జియం కుర్రాడు యోరిస్ ఇటలీ తరఫున కూర్చున్నాడు. ఇటలీ పిల్ల ఇలారియా బెల్జియం తరఫున కూర్చుంది. లిథువేనియా నుంచి వచ్చిన నేను, అంటే రూటాని, మధ్యవర్తిని. నా ఖర్మ అక్కడే మొదలైంది.

"మా చీజ్ మీద సుంకం తగ్గించకపోతే మీ చాక్లెట్ మా గడప తొక్కదు," అన్నాడు యోరిస్.

"తొక్కకపోతే పోనీ. మీ పిల్లలే ఏడుస్తారు," అంది ఇలారియా గోళ్లు చూసుకుంటూ.

"అయితే చర్చలు ముగిశాయి." కోటు భుజాన వేసుకుని లేచి వెళ్లిపోయాడు. అదొక ఎత్తుగడ. అవతలివాళ్లు వెనక్కి పిలుస్తారని మా ప్రొఫెసర్ చెప్పాడులెండి. ఇలారియా పిలవలేదు. బయట కుండపోత వాన. కాసేపటికి నీళ్లు కారుతూ గొడుగు కోసం తనే వచ్చాడు.

"ఓహో, ఇటలీ దిగొచ్చిందే," అంది ఆమె. క్లాసంతా ఒకటే నవ్వు. యోరిస్ కూడా నవ్వాడు. ఆ నవ్వుకే ఇలారియా పడిపోయిందని నాకు తర్వాత తెలిసింది. ఆ సంగతి నాకు చెప్పిందిగానీ అతనికి చెప్పలేదు, మహాతల్లి.

మాది ఉమ్మడి మాస్టర్స్. అంతర్జాతీయ అర్థశాస్త్రం. మొదటి ఏడాది అందరం లీల్‌లో, రెండో ఏడాది గెంట్‌లోనో, పాదువాలోనో, బెర్గెన్‌లోనో చదవాలి. సొంత దేశానికి మాత్రం ఎవరినీ పంపరు. అంటే బెల్జియంలో ఉన్న గెంట్ యోరిస్‌కి లేదు. పాదువాలో పుట్టిన ఇలారియాకి పాదువా లేదు. ఇద్దరూ ఒక్కచోట ఉండాలంటే నార్వేలోని బెర్గెన్ ఒక్కటే దారి. ఈ మాత్రం లెక్క తెలియనివాళ్లా వాళ్లు? క్లాసులో మార్కులన్నీ వాళ్లవే.

ఆ ఏడాదంతా చెట్టాపట్టాలేసుకుని తిరిగారు. ఒకే పొట్లంలో ఫ్రైస్ తిన్నారు. ఒకే గొడుగులో తడిశారు. కానీ "నువ్వంటే ఇష్టం" అన్న మాట మాత్రం ఒక్కరి నోటి వెంటా రాలేదు. ముందు నోరు తెరిచినవాడు నష్టపోతాడని క్లాసులో నేర్చుకున్నారు కదా. నేర్చుకున్నది అక్కడే వదిలేసి రావచ్చుగా! అబ్బే.

ఊళ్ల ఎంపికకి గడువు శుక్రవారం. ముందురోజు సాయంత్రం ముగ్గురం కెఫేలో కూర్చున్నాం.

"ఇద్దరూ బెర్గెనే కదా?" అన్నాను.

"ఏమో. ఎవరైనా నోరు తెరిచి రమ్మంటే ఆలోచిస్తా," అంది ఇలారియా కిటికీలోంచి వాన చూస్తూ.

యోరిస్ కాఫీ కలుపుతూ, "నేను పాదువా పెడదామనుకుంటున్నా," అన్నాడు.

"మా ఊరా? నేను లేని మా ఊళ్లో నీకేం పని?"

"మీ అమ్మ వంట బాగుంటుందన్నావుగా."

ఇలారియా మొహంలో రంగు మారింది. అయినా గొంతు మారనివ్వలేదు. "భేషుగ్గా వెళ్లు. ఒక మొద్దబ్బాయి వస్తున్నాడు, కడుపు నిండా పెట్టమని అమ్మకి ఫోన్ చేసి చెప్తాలే."

వద్దు అంటుందని అతను చూస్తున్నాడు. ఊరికే అన్నానంటాడని ఆమె చూస్తోంది. ఇద్దరి మధ్యా కూర్చుని నేను పళ్లెం ఖాళీ చేశాను. ఇంకేం చెయ్యను?

ఆమె వెళ్లాక అతన్ని దులిపేశాను. "నీకేమైనా పిచ్చా? బెర్గెన్‌కి రా అంటే నీ సొమ్మేం పోయింది?"

"నీకు తెలీదు రూటా. ఆమెకి నేను కావాలో అక్కర్లేదో తేలాలి. ఊరికే బెదిరిస్తే ఆమె నమ్మదు, నిజంగా చెయ్యాలి. పాదువా పెట్టేస్తున్నా. రేపు గడువులోగా వద్దని ఫోన్ చేస్తుంది, అప్పుడు మార్చేస్తా."

"చెయ్యకపోతే?"

"చేస్తుంది."

చెయ్యలేదు. శుక్రవారమంతా అతను ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. మార్చెయ్యి అని మధ్యాహ్నం నేనొకసారి అన్నాను. "ఇంకా టైముంది," అన్నాడు. ఆ టైమూ అయిపోయింది.

తర్వాతి వారం సీట్లు ప్రకటించారు. యోరిస్‌కి పాదువా. ఇలారియాకి బెర్గెన్. నాకు కూడా పాదువానే, నేను కోరుకున్నదే. మెట్ల మీద నన్ను దాటుకుంటూ ఇలారియా అతని దగ్గరికి వచ్చింది.

"నిజంగానే పెట్టావా?"

"నువ్వు వద్దంటావనుకున్నా."

"నువ్వు పెట్టవనుకున్నా. అందుకే నేను బెర్గెన్ పెట్టాను. మనిద్దరి కోసం."

అతని మొహం పాలిపోయింది. ఆఫీసుకి పరుగెత్తాడు, బతిమాలాడు. బెర్గెన్ నిండిపోయిందన్నారు. తిరిగొచ్చి, రొప్పుతూ, ఏడాది నుంచి గొంతులో పెట్టుకున్న మాట అప్పుడు అన్నాడు. "ఇలారియా, నువ్వంటే నాకు ప్రాణం."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ మాట మొన్న కెఫేలో అనుంటే ఏం పోయేది నీకు?"

అక్కడ నోరు మూసుకుని ఆమె చెయ్యి పట్టుకుని ఉంటే కథ ఇంకోలా ఉండేది. ఒక ఏడాది దూరం ఏపాటిది? విమానాలు లేవా? కానీ మనవాడు, "నువ్వూ అనొచ్చుగా," అన్నాడు.

ఇలారియా కళ్లు తుడుచుకుంది. "అనొచ్చు. అనలేదు, నాదీ తప్పే. కానీ ఇప్పటికీ నువ్వు నాతో లెక్కలే చూస్తున్నావు యోరిస్. నాకు విసుగొచ్చేసింది." వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాత అతని ఫోన్లు ఎత్తలేదు.

అన్నట్టు, వాళ్లమ్మకి ఫోన్ చేస్తానన్నది మాత్రం చేసింది. అది గొడవకి ముందే చేసిందట. పాదువా స్టేషన్లో దిగేసరికి వాళ్లమ్మ దొనతెల్లా మా కోసం నిలబడి ఉంది. ప్రతి ఆదివారం మా ఇద్దరికీ ఆవిడింట్లోనే భోజనం. యోరిస్ బజారుకెళ్లి సంచులు మోశాడు, కుళాయి బాగుచేశాడు, ఆవిడ కోసం భాష కూడా నేర్చుకున్నాడు. మధ్యలో ఏం జరిగిందో కూతురు ఆవిడకి చెప్పలేదు. మేమెలా చెప్తాం?

డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం అతని పళ్లెంలో రెండోసారి వడ్డిస్తూ ఆవిడ అంది, "నా కూతురికి నీలాంటివాడు దొరికితే నాకింకేం కావాలి నాయనా."

యోరిస్ తలెత్తాడు. చెవులు ఎర్రబడ్డాయి. పాపం, ఆ ఒక్క క్షణం వాడికి ప్రాణం లేచొచ్చింది.

"క్రిస్మస్‌కి వస్తోంది తెలుసా. సివర్ట్ అని ఎవరో నార్వే అబ్బాయిని తీసుకొస్తోందట. పెళ్లి మాట కూడా అనుకుంటున్నారట. ఆ అబ్బాయికి మన భాష ఒక్క ముక్క రాదు. ఇదేమో నాతో వంటింట్లో ఉంటుంది. నువ్వు పక్కన కూర్చుని కాస్త అతనికి మాట సాయం చెయ్యాలి."

కుదరదని చెప్పమని బల్ల కింద కాలితో తన్నాను. చెప్పలేదు.

"అలాగే సిన్యోరా," అన్నాడు. పళ్లెంలో తిండి కెలుకుతూ అడిగాడు, "ఇలారియా బాగుందా?"

"బాగుందా ఏమిటి! ఫోన్లో ఒకటే నవ్వు. ఇక్కడున్నప్పుడు ఎప్పుడూ అంత నవ్వేది కాదు. తిను నాయనా, చల్లారిపోతోంది."

యోరిస్ తలూపాడు. ఆవిడ అటు తిరిగాక పళ్లెం నా వైపు జరిపేశాడు.