స్వరసాక్షి ముందు నర్సరీ కేసు

ప్లగ్గు పెట్టి నాలుగు నిమిషాలు కాలేదు, నాగవేణి ఇరవై రెండేళ్ళుగా ఫోన్లలో మాట్లాడిన మాటలన్నీ ఆ యంత్రం వినేసింది.

దాని పేరు స్వరసాక్షి. తయారుచేసిన డాక్టర్ సంజీవిగారు వచ్చినవాళ్ళందరికీ ఓపిగ్గానే చెప్తాడు. మనం ఫోన్లో మాట్లాడిందంతా ఎక్కడో సర్వర్లలో పడి ఉంటుందట. ఇది అదంతా తోడి, సంసారంలో ఏ పని ఎవరు చేశారో, ఏ నిర్ణయం ఎవరిదో, ఎవరు ఎన్ని అబద్ధాలాడారో తేల్చేస్తుందట. ఇదొచ్చాక ఫ్యామిలీ కోర్టులో లాయర్లతో పని లేకుండా పోయింది. ఎవరి కేసు వాళ్ళే చెప్పుకోవాలి.

విడాకుల్లో నాగవేణి అడిగింది ఒక్కటే. కడియం దగ్గర రెండెకరాల నర్సరీలో సగం. పొద్దున్నే అయిదింటికి లేచి గులాబీలకి అంటు కట్టి కట్టి ఆవిడ బొటనవేళ్ళు కాయలు కాసిపోయాయి. మొగుడు వీరబాబేమో ఆవిడ తోడుగా ఉండేదంతే, నడిపింది నేనే అని రాసిచ్చాడు. కాయితాలన్నీ ఆయన పేరునే ఉన్నాయి మరి.

తెర మీద మొదటి లెక్క పడింది. "ఆయన్ని అడిగి చెప్తానండి" అని నాగవేణి తొమ్మిది వేల మూడొందల పదహారు సార్లు అంది. కాబట్టి నిర్ణయాలన్నీ భర్తవే అని యంత్రం తేల్చింది.

నాగవేణికి ఒళ్ళు మండిపోయింది. బేరం అంటే ఏంటో తెలిసినవాళ్ళెవరైనా ఇలా అంటారా? మొక్కకి పది రూపాయలు తగ్గించమని లారీవాడు పీక్కు తింటుంటే, మొహమ్మీద కుదరదంటే మళ్ళీ రాడు. ఆయన్ని అడిగి చెప్తానంటే ఆడికీ మర్యాద, మనకీ మర్యాద. మర్నాడు అదే రేటు చెప్తాం. మార్కెట్లో ఏ ఆడమనిషైనా చేసే పనే ఇది. అదంతా జడ్జిగారికి చెప్పి, చివర్లో ఒక్క మాట అడిగింది.

"అన్నిసార్లలో నేను నిజంగా ఆయన్ని అడిగింది ఎన్నిసార్లో కూడా దాన్నే చెప్పమనండి, మేడమ్."

యంత్రం వెతికింది. నాలుగు సార్లు.

హాల్లో నవ్వులు. జడ్జిగారు కూడా తలొంచుకుని నవ్వుకుంది. వీరబాబు గోడకేసి చూస్తూ కూచున్నాడు. అమ్మయ్య అనుకుంది నాగవేణి.

ఈలోగా తెర ఎర్రబడింది. మిగతా తొమ్మిది వేల మూడొందల పన్నెండూ అబద్ధాలే కాబట్టి నాగవేణి మాట నమ్మకం పదకొండు శాతం. ఇరవై శాతం లోపున్నవాళ్ళ మాట సాక్ష్యంగా తీసుకోకూడదని రూలు. వీరబాబుది తొంభై ఎనిమిది. ఉండదా మరి! అబద్ధం ఆడాలన్నా నోరు తెరవాలి కదా. ఫోను మోగితే పెళ్ళాం చేతికిచ్చి మంచమెక్కిన మనిషి ఆయన.

"మరి మీ నమ్మకం ఎంత శాతమండీ?" అని సంజీవిగారిని నిలదీసింది.

"తయారుచేసినవాళ్ళని అది కొలవదమ్మా," అన్నాడాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ.

భోజనాలయ్యాక ఉత్తర్వు ఇస్తానని జడ్జిగారు లేచింది. నర్సరీ మొత్తం వీరబాబుకే పోతుందని అందరికీ తెలిసిపోయింది. నాగవేణి బల్ల దగ్గర్నించి కదల్లేదు. ఏడుపు రాలేదు. పిడికిళ్ళు బిగుసుకుపోయాయి, అంతే. పక్క బల్ల మీద సంజీవిగారు క్యారేజీ విప్పుకున్నాడు. ఇంకా వింటున్నట్టు యంత్రం మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

వీరబాబు మెల్లిగా దగ్గరికొచ్చాడు. గొంతు బాగా తగ్గించాడు.

"వేణీ, రేపు ఒంగోలు లోడుంది కదా. ఏ మొక్కలు ఎక్కించాలి? రేటెంత చెప్పావు? ఆ డచ్ గులాబీలకి అంటు ఎన్నో కణుపు దగ్గర కడతావో కూడా చెప్పు, కుర్రాళ్ళకి చూపించాలి. నాకేం తెలుసు ఇవన్నీ?"

సంజీవిగారి చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

నాగవేణి లేచి, యంత్రం మైకుని వీరబాబు మూతి దగ్గరకి తిప్పింది.

"మీరు తొంభై ఎనిమిది శాతం మనిషి," అంది పళ్ళు కొరుకుతూ. "మళ్ళీ అడగండి. గట్టిగా."