వెండిబిళ్ళలు ముట్టని మొక్క

"మీ మొక్కలన్నీ చచ్చిపోయాయండీ," అంటూ వానలో తడిసిన చొక్కాతోనే వచ్చి, కౌంటరు మీద ఒక ప్లాస్టిక్ కవరు పెట్టాడు అతను.

ఆ అక్వేరియం షాపులో సగం అమ్మది, సగం కూతురిది. గుమ్మంలోకి రాగానే కుడివైపంతా అమ్మ చేపలు, ఎడమవైపంతా కూతురి మొక్కలు. వీధిలో అందరూ మొక్కలమ్మాయి అని పిలిచే ఆ కూతురికి, తన మొక్కల్ని ఎవరైనా ఏమైనా అంటే ఒళ్ళు మండుతుంది. ఈ మనిషి ఏకంగా చావు కబురే తెచ్చాడు.

కవరు విప్పి చూసింది. ఒక్క ఆకు లేదు. అన్నీ బోడి కాడలు.

"ఇవి చావలేదు. వీటిని తినేశారు."

"నేనా?"

"మీరు కాదు, మీ చేపలు. ఏం చేపలు పెంచుతున్నారు?"

"తెల్లగా మెరుస్తూ, గుండ్రంగా, వెండిబిళ్ళల్లా ఉంటాయండీ."

"సిల్వర్ డాలర్లా!" ఆమె తల పట్టుకుంది. "మేకల్ని తోటలోకి తోలి, తోట పాడైపోయిందని నా మీదకొస్తారేంటండీ?"

"అవి కూడా ఇక్కడే కొన్నాను. ఆవిడ దగ్గర," అని కుడివైపు వేలు చూపించాడు.

అమ్మకి సరిగ్గా అప్పుడే ఏదో ట్యాంకు తుడవాలని గుర్తొచ్చింది.

"అమ్మా! మొక్కలున్న ట్యాంకని ఈయన నీకు చెప్పారా, లేదా?"

"చెప్పాడు. అయితే ఏంటి? నేను చేపలు అమ్ముతానే. వాటికి ఉపవాసాలు నేర్పను," అంది అమ్మ, వెనక్కి తిరక్కుండానే.

అతను కళ్ళజోడు తీసి, మీద పడ్డ వాన చినుకులు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమెని అప్పుడే మొదటిసారి సరిగ్గా చూశాడు కాబోలు, అనబోయిన మాట కాస్తా మింగేశాడు. పక్కవీధి కళ్ళజోళ్ళ షాపు తనదేనని, ట్యాంకు అక్కడే ఉందని మాత్రం ఎలాగోలా చెప్పగలిగాడు.

ఆమె లోపల్నుంచి ఒక రాయి తెచ్చింది. దానికి దారంతో కట్టిన చిన్న మొక్క, ముదురాకుపచ్చ రంగులో, తోలులా దళసరి ఆకులతో.

"దీని పేరు అనూబియాస్. ఆకు గట్టి, రుచి చేదు. దీని దుంపని ఇసుకలో పూడ్చకండి, కుళ్ళిపోతుంది. రాయి మీదే ఉండాలి. లైటు దీనికి మరీ దగ్గరగా పెట్టకండి, నాచు పడుతుంది. చేపలకి రోజూ కాస్త పాలకూర ఉడకబెట్టి వేయండి. కడుపు నిండితే మొక్క జోలికి రావు. వింటున్నారా?"

"వింటున్నానండీ," అన్నాడు అతను, రాయి వైపు ఒక్కసారి కూడా చూడకుండా.

అతను వెళ్ళాక అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. షాపు ముందు అద్దం పక్కన వీధిలోకి కనపడేలా ఒక పెద్ద ట్యాంకు ఉంది. అందులో అమ్మ వెండిబిళ్ళలు తిరుగుతుంటాయి, వాటి మధ్యన గులాబీరంగు ప్లాస్టిక్ చెట్లు. ఆ చెట్లు పీకేసి తన మొక్కలు పెట్టాలని కూతురు ఎప్పట్నుంచో పోరు పెడుతోంది.

"సరే," అంది అమ్మ. "ఆ అబ్బాయి ట్యాంకులో నీ మొక్క బతికితే ముందు ట్యాంకు నీది. చస్తే మాత్రం ఆ మాట ఇంక ఎత్తకూడదు."

"ఎత్తను!" అంది కూతురు. ఆ మొక్కని తన దగ్గరున్న బొండాం పక్కన పెట్టి పరీక్షించాకే అమ్మకానికి పెట్టింది మరి. బొండాం అంటే తిండి తప్ప వేరే ధ్యాస లేని గోల్డ్‌ఫిష్. అది కూడా ఆ ఆకుని ఒకసారి నోట పెట్టుకుని ఉమ్మేసింది.

వారం తిరక్కుండానే అతను మళ్ళీ వచ్చాడు.

"తినేశాయండీ."

"అనూబియాస్‌నా?"

"ఆ. చాలా ఇష్టంగా."

కుడివైపు నుంచి చిన్న దగ్గు వినపడింది. మొక్కలమ్మాయి మొహం కందగడ్డ అయింది. ఈసారి జావా ఫెర్న్ అనే ఇంకా చేదు మొక్క ఇచ్చింది. దాని గురించి ఇంకా పెద్ద పాఠం చెప్పింది. అతను అంతా విన్నాడు, ఒకటి రెండు ప్రశ్నలు అడిగాడు, నవ్వాడు. అతని నవ్వు బాగుంటుంది. అది ఆమెకి ఇంకా చిరాకు.

తరవాత వారం మళ్ళీ అదే మాట. "తినేశాయండీ."

"మీవి చేపలా, రంపాలా?"

"చేపలేనండీ. వస్తే చూపిస్తాను," అని, వెంటనే నాలిక్కరుచుకున్నాడు. "అంటే... మీకెందుకు లెండి శ్రమ. నేనే వస్తుంటాను కదా."

ఆ సాయంత్రం అమ్మ బజారుకి వెళ్ళింది. ఒక కొత్త ప్లాస్టిక్ చెట్టు తెచ్చి ముందు ట్యాంకులో దింపింది, అంతే. ఊదారంగుది. అమ్మ తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. తన చేతులతో పెంచిన మొక్క మీద ఆమెకి మొదటిసారి అనుమానం వచ్చింది, ఆ అనుమానానికి కళ్ళు చెమర్చాయి.

ఉండబట్టలేక ఒక అనూబియాస్ ఆకు తుంచి తనే నోట్లో వేసుకుని నమిలింది.

క్షణంలో నాలుకంతా దురద, పెదవులు మంట. "అబ్బా, అమ్మా!" అని గంతులేస్తుంటే అమ్మ పరుగున నీళ్ళు తెచ్చింది. "ఏమే, మతి పోయిందా? ఎవరైనా తింటారా దాన్ని?"

నోట్లో నీళ్ళతో కూతురు ఆగిపోయింది. అదే కదా! ఎవరైనా తింటారా దీన్ని? ఇంకొక మాట కూడా అప్పుడే తట్టింది. మొదటిసారి వచ్చినప్పుడు కవరులో కాడలు తెచ్చాడు. తరవాత రెండుసార్లూ ఒట్టి చేతులతో వచ్చాడు. దుంప, దారం, రాయి, అన్నీ తినేశాయా ఆ చేపలు?

మర్నాడు గొడుగు పట్టుకుని పక్కవీధికి వెళ్ళింది. కళ్ళజోళ్ళ షాపులో ఒక పెద్దావిడని కుర్చీలో కూర్చోబెట్టి అతను అద్దాలు మారుస్తున్నాడు. "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?"

"ఇప్పుడే నయం, నాయనా. గుమ్మంలో ఎవరో అమ్మాయి. నీ మీద చాలా కోపంగా ఉంది," అందావిడ.

అతను తిరిగి చూశాడు. చేతిలో అద్దం కిందపడింది.

మొక్కలమ్మాయి అతన్ని చూడటంలేదు. గోడవార ట్యాంకుని చూస్తోంది. వెండిబిళ్ళలు గుంపుగా తళతళలాడుతూ తిరుగుతున్నాయి. వాటి మధ్యనే రాయి మీద అనూబియాస్, కొత్త ఆకులేసి నిగనిగలాడుతోంది. పక్కన జావా ఫెర్న్ ఒక్క ఆకు పోకుండా గుబురుగా ఉంది. అనూబియాస్ ఆకుల మధ్య నుంచి, నీళ్ళలోనే, ఒక చిన్న తెల్లటి పువ్వు.

తన షాపులో ఎప్పుడూ పూయలేదు అది. ఆమె గర్వంగా ట్యాంకు అద్దానికి మొహం ఆనించి చూసింది. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది.

"తినేశాయన్నారు?"

"ఏం తింటాయమ్మా," అంది పెద్దావిడ. "పొద్దున్నే పాలకూర ఉడకబెట్టి పెడతాడు వాటికి. నన్ను కూర్చోబెట్టి మరీ."

అతను తల వంచుకున్నాడు. "మిమ్మల్ని చూడాలంటే ఏదో ఒకటి చావాలి కదండీ. చేప చచ్చిందంటే మీ అమ్మగారి దగ్గరికి పంపిస్తారు. మొక్క చచ్చిందంటేనే మీ దగ్గరికి."

ఆమెకి నవ్వొచ్చింది. పెదవి బిగబట్టుకుంది.

"మీరు నాకు అబద్ధం చెప్తే పోనీలే అనుకుందును. నా మొక్క మీద చెప్పారు. దీనివల్ల మా అమ్మ ముందు నా తల కొట్టేసినట్టయింది. వచ్చి నిజం చెప్పండి. షాపులో జనం ఉన్నప్పుడు, గట్టిగా. మీకు ఆ ధైర్యం లేకపోతే ఇంక మా గుమ్మం ఎక్కకండి." గొడుగు తెరవబోయి ఆగింది. "పువ్వు ఎలా పూయించారు?"

"మీరు చెప్పినట్టే చేశానండీ. మీరు చెప్పిందాంట్లో ఒక్క మాట వదల్లేదు."

ఇన్నాళ్ళూ మొక్కలు కొన్నవాళ్ళు చాలామంది. తన మాటలన్నీ ఇలా దాచుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఇంటిదాకా గొడుగు చేతిలోనే ఉన్నా తెరవడం మర్చిపోయి, తడుస్తూ నడిచింది.

ఆదివారం షాపు కిటకిటలాడుతుండగా అతను బకెట్టుతో వచ్చాడు. మొహం పాలిపోయింది కానీ, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడింది.

"అందరూ వినండి! ఈ అమ్మాయి ఇచ్చిన మొక్కల్ని నా చేపలు తినలేదు. తిన్నాయని నేను అబద్ధం చెప్పాను. ఇదిగో మొక్క. పువ్వు కూడా పూసింది!"

జనమంతా బకెట్టు చుట్టూ మూగారు. అమ్మ బకెట్టులోకి వంగి, కళ్ళు చికిలించింది. "ఏదీ పువ్వు?"

అతను జేబులోంచి ఒక కళ్ళజోడు తీసి మెల్లగా అందించాడు. "నాకేం చత్వారం లేదు," అంటూనే అమ్మ దాన్ని పెట్టుకుని, చాలాసేపు చూసింది.

"నిజం పువ్వేనే!" అంది. కళ్ళజోడు తియ్యకుండా అతన్ని ఎగాదిగా చూసింది. "ఇంతమందిలో పరువు పోగొట్టుకోవడం ఎందుకు బాబూ? చెవిలో చెబితే సరిపోయేది కదా?"

"ఆమె పరువు పోయింది నావల్లేనండీ. అందుకని."

అమ్మ చీర కొంగు నడుముకి దోపింది. ముందు ట్యాంకులోంచి గులాబీరంగు చెట్లు, ఊదారంగు చెట్టు ఒక్కొక్కటే పీకి బయట పడేసింది. "ఊఁ, నీ ట్యాంకు నువ్వు చూసుకో. ఏం బాబూ, మీ అమ్మగారిని ఒకసారి తీసుకురా. మాట్లాడాలి," అంది.

కూతురు మోచేతులదాకా నీళ్ళలో చేతులు పెట్టి, పువ్వున్న రాయిని సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టింది. వెండిబిళ్ళలన్నీ ఒక్కసారి మీదకొచ్చాయి. షాపంతా ఊపిరి బిగపట్టింది. ఒకటి ఆకుని ముట్టుకుని, మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. మిగతావి దాని వెంటే వెళ్ళాయి.

చప్పట్లు మోగాయి. మొక్కలమ్మాయి తలెత్తి, అద్దం బయట ఆగి చూస్తున్న జనాన్ని చూసింది. ఆ రోజు ఆమె అంత ఎత్తు మనిషి ఆ వీధిలో ఇంకొకరు లేరు.

"మరి ఇప్పుడు నేను రావాలంటే ఏం చావాలండీ?" పక్కన నిలబడి మెల్లగా అడిగాడు అతను.

"ఏదీ చావక్కర్లేదు," అంది ఆమె, తడిచేతులు అతని చొక్కాకే తుడుచుకుంటూ. "రేపు పొద్దున రండి. వచ్చేటప్పుడు పాలకూర ఉడకబెట్టి తీసుకురండి. వీటికి కూడా మీరే పెట్టాలి."