గరగర లేని గొంతు

తెల్లారితే పాల్ జ్ఞాపకార్థ కూడిక. ఉయ్యూరు దాటాక కాలవ గట్టు పక్కన చిన్న చర్చి, ముందు షామియానా. పొద్దు గుంకుతోంది. చర్చి వెనకాల ఆమోసు బాబాయ్ ఇంకో నలుగుర్ని కూర్చోబెట్టుకుని రేపటి వంటకి ఉల్లిపాయలు తరుగుతున్నాడు. గాలి తిరిగినప్పుడల్లా చెరుకు ఫ్యాక్టరీ నుంచి పులిసిన తీపి వాసన. దాని వెనకే కాలవ బురద వాసన.

క్రిస్టినా మిక్సర్ ముందు కూర్చుని వైర్లు సర్దుతోంది. పాల్ ఆమె అన్న. అతనూ తేజేశ్వరూ కాలేజీలో ఒకే బెంచీ. చదువయ్యాక బెజవాడలో కలిసి సౌండ్ షాపు పెట్టుకున్నారు. పాల్ కాలవలో పడి చనిపోయాక, డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న క్రిస్టినాని తేజేశ్వరే షాపులోకి తీసుకున్నాడు. అమ్మకి మందులు తెచ్చేది అతనే, ఆసుపత్రికి తిప్పేది అతనే. చచ్చిపోయిన అన్న ఇతని రూపంలో మిగిలాడని అనుకుంది ఆ పిల్ల.

"ఒరేయ్ తేజా, మైకు సరిగ్గా పలికించు," వెనక నుంచి ఆమోసు బాబాయ్ అరిచాడు. "అప్పట్లో ఓసారి మా పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే పక్కూరి పెళ్లి పాటలన్నీ వినిపించావ్!"

"అది పాత సెట్టు బాబాయ్. పాస్టరుగారు కూడా కాలు కదిపారులే, నేను చూశా!"

నవ్వుతూ ట్రాన్స్‌మిటర్‌ని నడుముకి తగిలించుకుని, చిన్న మైకు కాలరుకి పెట్టుకున్నాడు. "ఇది డిజిటల్ చెల్లెమ్మా. దీనికీ ఆ రిసీవర్‌కీ మధ్య తాళం పడి ఉంటుంది. గాల్లో ఎన్ని మైకులు అరిచినా, ఎన్ని సెల్‌ఫోన్లు మోగినా, ఆ తాళంచెవి లేనిది లోపలికి రాదు. నేను నడుస్తా, ఎందాకా వినపడుతుందో చూడు. ఈ ఫేడర్ మీట కిందే ఉంచు, స్పీకర్లు మోగితే బాబాయ్ తిడతాడు."

క్రిస్టినా హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. "గట్టెక్కా... రేవు దాటా... ఇదిగో తుమ్మచెట్టు..." మనిషి కనపడకుండా పోయినా, గొంతు మాత్రం చెవి పక్కనే కూర్చుని మాట్లాడినట్టుంది. చెప్పు కింద రాయి నలిగింది కూడా వినపడుతోంది.

"లాకుల దగ్గరికొ..."

అంతే. కత్తితో కోసినట్టు ఆగిపోయింది.

గరగర లేదు. చిటచిట లేదు. వస్తే మొత్తం వస్తుంది, పోతే మొత్తం పోతుంది. అవును మరి, డిజిటల్ అంటే అదేగా అనుకుంది.

అనుకున్నాక, ఒళ్లు చల్లబడింది.

పాల్ పోయిన రోజు ఈ రేవులోనే బాప్తిస్మాలు. పాస్టరుగారు నీళ్లలోకి దిగేముందు మైకు పరీక్ష చేద్దామని, పాల్ ఇదే సెట్టులో రెండో ట్రాన్స్‌మిటర్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకుని మెట్లు దిగాడు. జారాడు. ఇక్కడ, ఈ కుర్చీలో, ఈ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తేజేశ్వర్ ఉన్నాడు. సమాధి దగ్గర అమ్మ కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. "గరగర తప్ప ఏమీ వినపళ్లేదమ్మా. ఒక్క కేక వినపడినా..."

రిసీవర్ మీద ఆ రెండో ట్రాన్స్‌మిటర్ లైట్లు వెలిగాయి.

ఆ ట్రాన్స్‌మిటర్ దొరకలేదు. శవం దొరికింది గానీ అది దొరకలేదు. లైట్లు మాత్రం నిండుగా... పచ్చగా...

హెడ్‌ఫోన్స్‌లో నీళ్లు. ఊపిరి.

"తేజా... తాడు వెయ్యరా..."

నిశ్శబ్దం. మునిగిన మనిషి మళ్లీ పైకి తేలినంత సేపు.

"రేయ్... వింటున్నావుగా..."

అన్న గొంతు. ఒక్క మరక లేకుండా.

తేజేశ్వర్ తిరిగొచ్చేసరికి చీకటి పడింది. "ఎందాకా వచ్చింది?"

"అన్నా," అంది క్రిస్టినా. "ఆ రోజు గరగర వినపడిందన్నావు. ఈ సెట్టులో గరగర ఎక్కణ్ణుంచి వచ్చింది?"

అతను చర్చి వెనక్కి చూశాడు. తర్వాతే ఆమె వైపు చూశాడు.

"మెల్లిగా. బాబాయ్ వింటాడు."

ఆ మాటతో తెగిపోయింది ఆమెకి, ఉన్న ఒక్క ఆశా.

"వినపడింది కదూ?"

"నాకు ఈత రాదమ్మా..."

"బాబాయ్‌కి వచ్చుగా. ఈ షామియానాలోనే ఉన్నాడుగా ఆ రోజు. ఫేడర్ పైకి తోస్తే చాలు, మా అన్న కేక ఊరంతా మోగేది."

"వేలు దాని మీదే ఉంది." అతను ఫేడర్ వైపే చూస్తున్నాడు. "మొదట కాళ్లూ చేతులూ ఆడలేదు. అప్పటికే మూడుసార్లు పిలిచాడు. ఇప్పుడు తోస్తే... ఇందాకట్నుంచీ ఏం చేస్తున్నావంటారు కదా అని..."

బల్ల మీద పెట్టిన హెడ్‌ఫోన్స్‌లోంచి సన్నగా, స్పష్టంగా వచ్చింది.

"తేజా... తాడు..."

అతను విన్నాడు. వ్యానులోంచి తాడు లాక్కుని రేవు వైపు పరిగెత్తాడు. "వస్తున్నానురా... వచ్చేశా..."

కాలరుకి మైకు అలాగే ఉంది. క్రిస్టినా హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. రొప్పు. మెట్ల మీద అడుగులు. రేవు ఇనప కమ్మీకి తాడు బిగించిన చప్పుడు. నీళ్లు.

"చెయ్యివ్వరా... ఆ... దొరికింది! దొరికిందిరా..." ఏడుస్తూ నవ్వుతున్నాడు.

ఆగాడు.

"క్రిస్టినా... ఇది పాల్ చెయ్యి కాదు."

నిశ్శబ్దం.

"క్రిస్టినా!"

నిశ్శబ్దం.

ఆమె వేలు ఫేడర్ మీదే ఉంది. తొయ్యాలి. తోస్తే చాలు... మా అన్నా ఇలాగే పిలిచాడు కదా అనుకుంది. ఆ ఒక్క ఆలోచనకి ఎంతసేపు పట్టిందో ఆమెకే తెలుసు, ఇంకెవరికీ తెలియదు.

తోసింది.

స్పీకర్లలో తేజేశ్వర్ కేక గట్టంతా మోగింది. ఆమోసు బాబాయ్ చేతిలో కత్తి పడేసి పరిగెత్తాడు, వెనకే మిగతావాళ్లు. క్రిస్టినా వెళ్లేసరికి సెల్‌ఫోన్ లైట్లు నీళ్ల మీద తిరుగుతున్నాయి. తేజేశ్వర్ లేడు.

తాడు ఒక కొస కమ్మీకి కట్టి ఉంది. కాలవ బందరు వైపు పారుతోంది. తాడు మాత్రం బెజవాడ వైపు, ప్రవాహానికి ఎదురుగా, తీగలా బిగిసి ఉంది.

"పట్టుకునే ఉన్నాడు! లాగండ్రా!" అన్నారెవరో.

ఆమోసు బాబాయ్ తాడు మీద చెయ్యి వేశాడు. లాగలేదు. జ్వరమొచ్చిన బిడ్డ నాడి చూసినట్టు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటి బాబాయ్?" అంది క్రిస్టినా.

"చేతులు మార్చుకుంటూ... దీన్ని పట్టుకుని ఇటే వస్తున్నారు."

"ఎవరు? తేజన్నేనా?"

ఆయన మెల్లిగా చెయ్యి తీసేశాడు.

"ఒక్కళ్లు కాదమ్మా."